ఏది పాడైంది?

మాదాపూర్, కొండాపూర్, మణికొండ అపార్ట్‌మెంట్లలో వంటింటి వెనక చిన్న యుటిలిటీ బాల్కనీ ఉంటుంది. చాలా ఇళ్లలో అక్కడ రెండు వాషింగ్ మెషిన్లు కనిపిస్తాయి. ఒకటి పనిచేసేది. రెండోది నెత్తిన చీపుర్లు, ఖాళీ డబ్బాలు, ఉల్లిపాయల బుట్ట పెట్టుకుని నిలబడేది. వరంగల్లోనో గుంటూరులోనో అమ్మానాన్నలు ఎప్పుడో కొన్న రెండు టబ్బుల సెమీ ఆటోమేటిక్ అది. వాళ్లు పిల్లల దగ్గరికి వచ్చేసినప్పుడు సామాన్లతో పాటు అదీ వచ్చింది. ఒకరోజు తిరగడం మానేసింది. "పాడైపోయింది" అన్నారు. కబాడీకి వేయడానికి అమ్మకు మనసు రాలేదు. బాగుచేయించడానికి మీకు తీరిక దొరకలేదు.

ఆ మెషిన్‌ను ఇంట్లోనే మళ్లీ నడిపించడం గురించి ఈ అధ్యాయం. పానాలు, బెల్టుల నుంచి నిమ్మ ఉప్పు దాకా వివరంగా చెబుతాను. ఒక్క షరతు. వెనక మూత విప్పే ముందు, విప్పిన తర్వాత, ఏదైనా కొనే ముందు ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఏది పాడైంది? "మెషిన్" అనేది దీనికి జవాబు కాదు. ఏ భాగం, ఎందువల్ల అన్నది తేలాలి. ఈ ప్రశ్న ఒకసారి అలవాటైతే బట్టల దగ్గర ఆగదు. అందుకే దీనికి ఈ పుస్తకంలో చోటిచ్చాను.

మొత్తం మార్చేసే అలవాటు

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అప్పుడు ఆ చుట్టుపక్కల బండరాళ్లు, ఖాళీ జాగాలే ఎక్కువ. ఆ తర్వాత ఇక్కడ అన్నీ వేగంగా మారాయి, ఆ వేగం మన ఇళ్లలోకీ వచ్చింది. బ్యాటరీ తగ్గితే ఫోన్ మారుస్తాం. రేటింగ్ తగ్గితే కంపెనీ మారుస్తాం. మెషిన్ ఆగితే రాత్రికి రాత్రే ఆర్డర్ పెడతాం.

మార్చడం తప్పు కాదు. తేల్చుకోకుండా మార్చడంలోనే నష్టం. పాతదాంట్లో ఏది ఎందుకు చెడిందో తెలియకపోతే కొత్తదాంట్లోనూ అదే చెడుతుంది. బోరు నీళ్లలోని సున్నం పాత మెషిన్‌ను తినేసిందని తెలియనివాళ్లు కొత్త మెషిన్‌కూ ఆ నీళ్లే పెడతారు. "ఈ గడువులో కాదు" అని చెప్పలేకపోవడమే తమ ఇబ్బంది అని తెలియనివాళ్లు ఎన్ని కంపెనీలు మారినా కొత్త మేనేజర్ ముందూ అలాగే తలూపుతారు.

విచిత్రం ఏమిటంటే, ఆఫీసులో మనం ఇలా చేయం. అర్ధరాత్రి అప్లికేషన్ పడిపోతే "మొత్తం మళ్లీ రాద్దాం" అని ఎవరూ అనరు. లాగ్స్ తీస్తాం. తప్పు మళ్లీ వస్తుందేమో చేసి చూస్తాం. బాగున్న మాడ్యూళ్లను ఒక్కొక్కటే పక్కన పెడుతూ చెడ్డదాన్ని పట్టుకుంటాం. ఒకసారి ఒక్క మార్పే చేస్తాం. ఇంత చక్కటి పద్ధతిని ఐడీ కార్డుతో పాటు ఆఫీసు గేటు దగ్గరే వదిలేసి ఇంటికొస్తున్నాం. దాన్ని ఇంటికి తెచ్చుకోవడానికి పాత వాషింగ్ మెషిన్ మంచి సాకు.

ఎందుకు ఈ మెషినే

మన ఇళ్లలోకి వాషింగ్ మెషిన్ విరివిగా వచ్చింది 1980ల చివర, 1990లలో. టీవీ ప్రకటనలతో వీడియోకాన్ పేరు ఇంటింటికీ తెలిసింది. టీవీఎస్‌తో కలిసి వర్ల్‌పూల్ పుదుచ్చేరిలో తయారీ మొదలుపెట్టింది. బీపీఎల్ ఉండేది. ఫ్రంట్ లోడ్‌ను ఐఎఫ్‌బీ తెచ్చింది. అయినా మధ్యతరగతి ఇళ్లలో ఎక్కువగా నిలిచింది రెండు టబ్బుల సెమీ ఆటోమేటిక్కే. ధర తక్కువ, కుళాయిలో ధార లేకపోయినా బకెట్‌తో నీళ్లు పోసుకోవచ్చు, ఒకసారి పోసిన సబ్బునీళ్లలో తెల్లవి అయ్యాక రంగువి వేసుకోవచ్చు. ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఎండాకాలంలో ఈ సుగుణం విలువ హైదరాబాద్ పడమటి కాలనీల వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

నేర్చుకునేవాళ్లకు దీనికంటే మంచి యంత్రం దొరకదు. ఇందులో సర్క్యూట్ బోర్డు ఉండదు. ఉతికే వైపు ఒక మోటార్, దాన్నుంచి గేర్ బాక్స్‌కు ఒక బెల్టు, పైన పల్సేటర్ అనే తిరుగుడు పళ్లెం. పిండే వైపు ఇంకో మోటార్, దాని ఇరుసుకు బ్రేకు, నీళ్లు కిందికి కారకుండా బెల్లో అనే రబ్బరు తొడుగు. రెండు టైమర్లు, రెండు కండెన్సర్లు, ఒక డ్రెయిన్ వాల్వ్, ఒక బజర్. దాదాపు ఇంతే. ప్రతిదీ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది.

అమెరికాలో మాథ్యూ క్రాఫర్డ్ అనే ఆయన షికాగో విశ్వవిద్యాలయంలో రాజనీతి తత్వశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి, వాషింగ్టన్‌లో ఒక మేధోసంస్థకు డైరెక్టర్ అయ్యారు. కొద్ది నెలలకే అది వదిలి రిచ్‌మండ్‌లో మోటార్‌సైకిళ్ల రిపేరు షాపు పెట్టుకున్నారు. 2009లో వచ్చిన ఆయన పుస్తకం 'షాప్ క్లాస్ యాజ్ సోల్‌క్రాఫ్ట్' చేతిపనిలో ఎంత ఆలోచన ఉంటుందో వాదిస్తుంది. ఉద్యోగం మానమని నేను అనను. కానీ బండి స్టార్ట్ అయిందా లేదా అన్నదాంట్లో అభిప్రాయభేదాలకు చోటుండదు. స్లైడ్ల మీద, స్టేటస్ కాల్స్ మీద రోజు గడిపేవాళ్లకు అలాంటి తీర్పు అప్పుడప్పుడూ అవసరం.

ముందు ప్రాణం

ఇక్కడ రివర్ట్ బటన్ లేదు. అందుకని ఈ నాలుగు నియమాలు తప్పనిసరి.

1. ప్లగ్ పీకి, అది కంటికి కనిపించేలా పక్కన పెట్టుకోండి. స్విచ్ ఆపితే చాలదు.

2. ప్లగ్ పీకినా కండెన్సర్‌లో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. పాత ఫిలమెంట్ బల్బు హోల్డర్ తీగలు రెండింటినీ, ఇన్సులేషన్ ఉన్న చోట పట్టుకుని, దాని రెండు టెర్మినళ్లకు కాసేపు తాకించి ఖాళీ చేయండి. తర్వాతే చేయి పెట్టండి.

3. మల్టీమీటర్‌ను బీప్ వచ్చే స్థానంలో పెట్టండి. ప్లగ్‌లోని లావుపాటి ఎర్త్ పిన్‌కూ మెషిన్ లోహపు భాగాలకూ మధ్య బీప్ రావాలి. మిగతా రెండు పిన్నుల్లో దేనికీ బాడీకీ మధ్య రాకూడదు. గోడలోని సాకెట్‌కు ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మీటర్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే ముందు అది పెట్టించండి. తడి చేతులతో ముట్టుకునే యంత్రం ఇది.

4. పిండే టబ్బు నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరుగుతుంది. మూత తీసి ఉండగా దాన్ని నడపకండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

మొదటి గంట: ఏదీ విప్పొద్దు

కొత్తవాళ్లు చేసే మొదటి పని స్క్రూడ్రైవర్ అందుకోవడం. ఆగండి. ఒక నోట్‌బుక్ తీసుకోండి. మెషిన్ ఏం చేస్తోంది, ఏం చేయడం లేదు అన్నది రాయండి. ఇంట్లోవాళ్లను అడగండి. "ఆగిపోయే ముందు ఏమైనా శబ్దం వచ్చిందా? వాసన వచ్చిందా? కింద నీళ్లు కారేవా?" రోజూ దాంతో పనిచేసిన అమ్మకో, ఇంట్లో సాయం చేసే అక్కకో తెలిసినంత ఏ మాన్యువల్‌కూ తెలియదు. "మూత గట్టిగా నొక్కిపట్టుకుంటేనే తిరిగేది" అని ఆమె అన్నారంటే మూత కింది స్విచ్ దగ్గరికి మీరు సగం దారి వచ్చేసినట్టే.

తర్వాత మెషిన్‌ను గోడ నుంచి జరిపి, వెనక మూత స్క్రూలు తీయండి. ఏ తీగనూ ముట్టుకోకముందే ఫోటోలు తీయండి. ఏ రంగు తీగ ఎక్కడికి వెళ్తోందో కనిపించాలి. స్క్రూలను విప్పిన వరుసలో కాగితానికి గుచ్చుకోండి. ఎలుకలు కొరికిన తీగలేమో చూడండి. సెమీ ఆటోమేటిక్‌లలో కింది భాగం చాలావరకు తెరిచే ఉంటుంది, మన ఇళ్లలో ఎలుక ఒక ముఖ్య కారణం. అదే అయితే తీగలు మార్చి, కింద జాలీ బిగిస్తే కథ ముగుస్తుంది.

లక్షణం నుంచి భాగానికి

"గుయ్" మంటుంది, తిరగదు. ప్లగ్ తీసి పల్సేటర్‌ను చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరిగితే అనుమానం కండెన్సర్ మీద. తిరగకపోతే అడుగున ఏదో ఇరుక్కుంది, లేదా గేర్ బాక్స్ బిగుసుకుంది. కండెన్సర్ మీద దాని విలువ మైక్రోఫారడ్‌లలో రాసి ఉంటుంది. దుకాణంలో ఎంఎఫ్‌డీ అంటారు. ఖాళీ చేసిన తర్వాత, ఆ విలువ కొలవగల మల్టీమీటర్‌తో చూడండి. 10 అని రాసి ఉన్నది 6 చూపిస్తే జవాబు దొరికింది. మెకానిక్‌లు "కండెన్సర్ వీక్ అయింది సార్" అనేది దీన్నే. అదే విలువది, అంతే వోల్టేజీది లేదా అంతకంటే ఎక్కువ వోల్టేజీది తేవాలి. కొన్ని మెషిన్లలో రెండు మోటార్ల కండెన్సర్లూ ఒకే డబ్బాలో ఉంటాయి, గమనించండి.

మోటార్ తిరుగుతుంది, పల్సేటర్ తిరగదు. బెల్టు జారుతోంది లేదా తెగింది. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు లోపలికి వెళ్లాలి. అంతకంటే వదులైతే మోటార్ బోల్టులు సడలించి, దాన్ని పక్కకు జరిపి బిగించవచ్చు. అంచులు పగిలితే మార్చాల్సిందే.

మోటార్ చెడిందా, గేర్ బాక్స్ చెడిందా? బెల్టు తీసేయండి. చేతులు దూరంగా పెట్టి, ఇంకొకరిని స్విచ్ దగ్గర నిలబెట్టి, మోటార్‌ను ఒంటరిగా క్షణంపాటు తిప్పి చూడండి. ఒంటరిగా హాయిగా తిరిగితే దోషం దానిది కాదు. ఈ చిన్న పరీక్ష చేయకుండా మోటార్ కొన్నవాళ్లు డబ్బు పోగొట్టుకుంటారు, మెషిన్ మాత్రం అలాగే ఉంటుంది. మోటార్ అసలు కదలకపోతే ప్లగ్ తీసి, కనెక్టర్ విడదీసి, వైండింగ్ కొలవండి. ఉతికే మోటార్ రెండు వైపులా తిరగాలి కాబట్టి దాని రెండు వైండింగ్‌లూ ఉమ్మడి తీగ నుంచి దాదాపు సమాన నిరోధం చూపిస్తాయి. ఒకటి చూపించి ఇంకొకటి చూపించకపోతే అది కాలింది.

ఏ శబ్దమూ లేదు. ప్లగ్, కార్డు, టైమర్, ఈ వరుసలో చూడండి. పాత టైమర్లు గడియారంలా స్ప్రింగుతో నడిచేవి. వాటి లోపలి కాంటాక్టులు కాలక్రమంలో నల్లబడతాయి. దీన్ని విప్పి బాగుచేయడం కంటే మార్చడమే మేలు. తీగల ఫోటోలు పనికొచ్చేది ఇక్కడే.

ఉతుకుతుండగానే నీళ్లు వెళ్లిపోతున్నాయి. డ్రెయిన్ వాల్వ్ రబ్బరు మీద నూలు పీచో సున్నపు పెళ్లో కూర్చుంది. తీసి కడిగితే చాలాసార్లు అదే సర్దుకుంటుంది.

పిండే టబ్బు నెమ్మదిగా తిరుగుతుంది. మూత మూసినప్పుడు బ్రేకు పూర్తిగా వదలడం లేదేమో చూడండి. దాని కేబుల్ సాగి ఉండవచ్చు. అక్కడ కిందికి నీళ్లు కారుతుంటే బెల్లో చినిగింది. దీన్ని వాయిదా వేయకండి, ఆ నీళ్లు సరిగ్గా మోటార్ మీదే పడతాయి. బెల్లో అనే చిన్న రబ్బరు ముక్కను పట్టించుకోకపోతే రేపు మోటారే మార్చాల్సి వస్తుంది.

మన నీళ్లు చేసే పని

ఇప్పుడు పల్సేటర్ విప్పండి. మధ్యలో ఉన్న స్క్రూ తీసి, అంచుల కింద గట్టి దారం రెండు వైపులా పోనిచ్చి పైకి లాగాలి. రాకపోతే మొరటుగా గుంజకండి, పాత ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది. డబ్ల్యూడీ-40 కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున వస్తుంది. దాని కింద నాణేలు, పిన్నీసులు, చొక్కా గుండీలు, జుట్టు, వాటన్నిటినీ అంటిపెట్టుకున్న తెల్లటి గట్టి పొర కనిపిస్తాయి. హైదరాబాద్‌లో మెషిన్ల ఆయుష్షు తినేది ఆ తెల్లపొరే.

ఐటీ కారిడార్‌లోని చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు, జలమండలి నీళ్లు ఒకే సంపులో కలుస్తాయి. తాగునీటి కాఠిన్యానికి భారత ప్రమాణం ఐఎస్ 10500 లీటరుకు 200 మిల్లీగ్రాములను ఆమోదయోగ్యంగా, వేరే దారి లేనప్పుడు 600ను గరిష్ఠంగా పెట్టింది. కాఠిన్యం పెరిగేకొద్దీ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బును పనిచేయనివ్వవు, టబ్బుకు, రబ్బరుకు పొరలుగా అంటుకుంటాయి. సీల్ గరుకెక్కి అరుగుతుంది, నీళ్లు కారతాయి, ఇరుసుకు తుప్పు పడుతుంది. గేర్ బాక్స్ బిగుసుకుపోవడం ఈ వరుసలో చివరి మెట్టు.

ఆ పొర ఎక్కువగా కాల్షియం కార్బోనేట్. ఆమ్లానికి కరుగుతుంది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు 100 గ్రాములు ఒక బకెట్ వేడినీళ్లలో కలిపి ఉతికే టబ్బులో పోసి, ఒకటి రెండు గంటలు నాననివ్వండి. చేయి పట్టగలిగే వేడి చాలు. మరిగే నీళ్లు ప్లాస్టిక్‌ను వంకర చేస్తాయి. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, రెండుసార్లు మంచినీళ్లతో కడగండి. ఒక హెచ్చరిక: నిమ్మ ఉప్పుతో పాటు బ్లీచింగ్ పౌడర్ గానీ బ్లీచ్ గానీ ఎప్పుడూ కలపకండి. విషపు క్లోరిన్ వాయువు వస్తుంది.

మెషిన్ నడవడం మొదలయ్యాక కూడా రెండు మూడు నెలలకోసారి ఇలా చేస్తే పొర పేరుకోదు. కొత్త మెషిన్ కొన్నవాళ్లకూ ఈ సలహా వర్తిస్తుంది. కారణం నీళ్లలో ఉన్నప్పుడు మెషిన్ మార్చడం వల్ల కారణం మారదు.

శనివారం రాణిగంజ్, కోఠి

"ఆ కంపెనీయే లేదు, పార్టు ఎక్కడ దొరుకుతుంది?" అని చాలామంది ఇక్కడ ఆగిపోతారు. వీడియోకాన్ 2018లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది నిజమే. కానీ ఏ కంపెనీ వాషింగ్ మెషిన్‌లోనూ అన్నీ సొంత భాగాలు ఉండవు. బెల్టు మీద నంబరు ఉంటుంది, ఆ నంబరు బెల్టు ఎవరు చేసినా సరిపోతుంది. కండెన్సర్‌కు విలువ ఉంటుంది. బేరింగ్‌ల సంగతి ఇంకా స్పష్టం: 6204 అని రాసి ఉంటే ప్రపంచంలో ఎక్కడ తయారైనా లోపలి రంధ్రం 20 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 47, మందం 14. పేరు పోయినా కొలత ఉంటే చాలు.

కొలత పట్టుకుని మార్కెట్‌కు వెళ్లండి. బెల్టులు, బేరింగ్‌లు, ఆయిల్ సీళ్లు, పైపులు, నట్లు, బోల్టులకు సికింద్రాబాద్ రాణిగంజ్. కండెన్సర్లు, స్విచ్‌లు, మల్టీమీటర్, చిన్న చిన్న ఎలక్ట్రికల్ సామాన్లకు కోఠి గుజరాతీ గల్లీ. కారు తీయకండి, నిలిపే చోటు కోసమే పూట గడిచిపోతుంది. రాయదుర్గంలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠి. నీలం లైన్‌లోనే ముందుకు వెళ్లి ప్యారడైజ్‌లో దిగితే అక్కడినుంచి రాణిగంజ్‌కు ఆటో. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి శనివారం వెళ్లండి.

పాత భాగం చేతిలో లేకుండా మాత్రం వెళ్లొద్దు. "శాంపిల్ తెచ్చినవా అన్నా?" అన్నది ఆ దుకాణాల్లో మొదటి ప్రశ్న. మెషిన్ ఫోటో చూపిస్తే లాభం లేదు. అరిగిన సీల్‌ను కౌంటర్ మీద పెడితే, డబ్బాల వెనకనుంచి సరైనది తీసిస్తారు. గేర్ బాక్స్ కొనేటప్పుడు పైన పల్సేటర్ కూర్చునే పళ్లు, కింద పుల్లీ సైజు రెండూ పోల్చుకోండి. తొందర పడకుండా అడిగితే ఆ కౌంటర్ల వెనక ఉన్నవాళ్లు చాలా నేర్పుతారు. కంపెనీ ఇంకా నడుస్తుంటే, కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో మొదలుపెట్టిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో దాని సర్వీసు వివరాలున్నాయేమో కూడా చూడండి.

గేర్ బాక్స్ మార్చడం, బెల్లో వేయడం మొదటిసారి ఒంటరిగా చేయడం కష్టం. మీ వీధి మెకానిక్‌ను పిలవండి. "నా ముందు చేయండి అన్నా, నాకూ చూపించండి, మీ టైముకు డబ్బులిస్తా" అని ముందే చెప్పండి. ఆయన విద్యకు గౌరవం ఇచ్చి నేర్చుకోవడం కూడా ఈ అధ్యాయంలో భాగమే.

తుప్పు, రంగు, ఇంకా ఎక్కడ ఆపాలి

రేకు బాడీకి అడుగున తుప్పు పట్టి ఉంటే ముతక ఉప్పుకాగితంతో మెరిసే లోహం కనిపించేదాకా రుద్ది, సన్నదాంతో నునుపు చేసి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేసి, ఆరాక ఎనామెల్ పూయండి. పసుపెక్కిన ప్లాస్టిక్‌ను తెల్లగా చేయాలని తాపత్రయపడకండి. దాని వయసు అది. మెషిన్‌ను నేల తడికి తగలకుండా స్టాండ్ మీద పెట్టండి.

కొన్నింటిని వదిలేయడం కూడా తెలియాలి. టబ్బు పగిలితే, మోటార్ కూర్చునే అడుగు భాగం తుప్పుకు రంధ్రాలు పడితే, ఆపండి. విడి భాగాలకు అయ్యే ఖర్చు కొత్త సెమీ ఆటోమేటిక్ ధరలో మూడో వంతు దాటితే మరోసారి ఆలోచించండి. పారేయాల్సి వస్తే గుర్తింపు ఉన్న ఈ-వేస్ట్ రీసైక్లర్‌కు ఇవ్వండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనలు రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. పనిచేసే మోటార్‌ను, టైమర్‌ను దాచుకోండి, ఇంకొకరి మెషిన్‌కు పనికొస్తాయి. తేల్చుకుని వదిలేయడం ఓటమి కాదు.

పూర్తి చేయండి

భారతదేశంలో ఐకియా తొలి దుకాణం 2018 ఆగస్టు 9న తెరుచుకున్నది మన హైటెక్ సిటీలోనే. ఆ కంపెనీ పేరుతో మనస్తత్వ శాస్త్రంలో ఒక సిద్ధాంతం ఉంది. మైకేల్ నార్టన్, డేనియల్ మోకాన్, డాన్ ఏరియెలీ అనే పరిశోధకులు కొందరిచేత పెట్టెలు బిగించించారు, కాగితపు బొమ్మలు మడతపెట్టించారు. తమ చేత్తో చేసినదానికి మనుషులు దాని స్థాయికి మించిన విలువ కడతారని 2012లో ప్రచురించిన అధ్యయనంలో చూపారు. దీన్నే ఐకియా ఎఫెక్ట్ అన్నారు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, కానీ ఆ అధ్యయనంలో ఇంకో సగం ఉంది. పని పూర్తిచేయలేకపోయినవాళ్లలో ఆ ప్రీతి కనిపించలేదు. శ్రమ ఒక్కటే చాలదు, శ్రమ ఒక కొలిక్కి రావాలి.

కాబట్టి పనిని చిన్న ముక్కలు చేసుకోండి. ఒక శనివారం పరీక్ష మాత్రమే. ఇంకో శనివారం శుభ్రం చేయడం, భాగాలు తేవడం. తర్వాత బిగించడం. ప్రతి విడతా దానికదే ముగియాలి. విప్పిన మెషిన్‌ను బాల్కనీలో నెలల తరబడి వదిలేస్తే అది ఇంట్లో గొడవలకు కారణం అవుతుంది, మీకు మీ మీద నమ్మకం తగ్గుతుంది. చివర్లో ముందు ఖాళీగా, తర్వాత నీళ్లతో, ఆ తర్వాత నాలుగు తువ్వాళ్లతో నడపండి. పిండే వైపు మూత తెరవగానే టబ్బు కొద్ది క్షణాల్లో ఆగాలి. కింద పాత న్యూస్‌పేపర్ పరిచి ఉంచండి, ఎక్కడ చుక్క పడినా తెలుస్తుంది.

అదే ప్రశ్న మనల్ని మనం అడిగితే

"నా కెరీర్ పోయింది", "నాకు ఏకాగ్రత లేదు", "మా ఇద్దరికీ పడదు." ఇవన్నీ "మెషిన్ పాడైంది" లాంటి మాటలే. వీటితో ఏ పనీ మొదలుపెట్టలేం, ఎందుకంటే చేయి ఎక్కడ పెట్టాలో ఇవి చెప్పవు. చెడ్డ రేటింగ్ వచ్చినప్పుడు "నేను పనికిరాను" అనుకునే ముందు బెల్టు తీసి చూడండి. పని రాలేదా, లేక చేసిన పని పైవాళ్లకు చేరలేదా? మొదటిదైతే కోర్సు కావాలి, రెండోదైతే నెలకో మెయిల్ చాలు. ఏకాగ్రత లేదంటారా? అన్ని పనుల మీదా లేదా, మధ్యాహ్నం కాల్స్ తర్వాతే లేదా, నిద్ర తక్కువైన రోజుల్లోనా? ఇంట్లో గొడవ ప్రతిదానికీ అవుతోందా, లేక నెలాఖరు ఈఎంఐల వారంలోనే అవుతోందా? చాలావరకు మొత్తం బాగానే ఉంటుంది. ఎక్కడో ఒక సీల్ అరిగి ఉంటుంది. అరుదుగా అడుగే తుప్పుపట్టి ఉంటుంది, అప్పుడు వదిలేయడమే సరి. ఏది ఏదో తేల్చకముందే తీర్పు ఇవ్వొద్దు.

ఈ వారం అభ్యాసం

1. ఇంట్లో "పాడైంది" అని పక్కన పెట్టిన వస్తువుల జాబితా రాయండి. మిక్సీ, ఫ్యాన్, ఇస్త్రీపెట్టె, ఏదైనా సరే. ఒకటి ఎంచుకోండి.

2. విప్పకుండా దాని లక్షణాలు ఐదు వాక్యాల్లో రాయండి. వాడినవాళ్లను అడిగి ఇంకో వాక్యం కలపండి.

3. పరీక్షించి, చెడిన భాగం పేరు, చెడడానికి కారణం ఒక్క వాక్యంలో రాయండి. ఈ వాక్యం రాయలేనంతవరకు ఏమీ కొనకండి.

4. మీ జీవితంలో "మొత్తం పోయింది" అనుకుంటున్న ఒక విషయం తీసుకుని అదే వాక్యం రాయడానికి ప్రయత్నించండి.

మెషిన్ నడిస్తే సంతోషం. నడవకపోయినా, ఎందుకు నడవలేదో ఒక్క వాక్యంలో చెప్పగలిగితే మీరు ఈ అధ్యాయం పూర్తిచేసినట్టే. ఆ వాక్యం రాసిన రోజే కొత్తది కొనాలా, పాతదే ఉంచాలా అన్నది నిర్ణయించండి, అంతకుముందు వద్దు.